ఒడ్డెక్కిన నీటికుక్కలు

మా ఆయన ముర్తుజా నీళ్ళలో మునిగిన ప్రతిసారీ ఒడ్డున కూర్చుని నేను ఊపిరి బిగబడతాను. నేను బిగబట్టినంత మాత్రాన ఆయనకి ఒరిగేదేమీ లేదని నాకూ తెలుసు. కానీ నా ఒంటికి తెలియదు. ఆయన తల పైకి కనబడేదాకా నా ప్రాణం గొంతులోనే ఉంటుంది. పెళ్ళైన కొత్తల్లో అందరూ ‘అలవాటైపోతుందిలే’ అన్నారు. అలవాటయ్యేదాన్ని భయమని ఎందుకంటారో నాకిప్పటికీ అర్థం కాదు.

గురజాలలో మాకో చిన్న మోటారు రిపేరు షాపు ఉంది. కాయిల్ చుట్టడం, బేరింగులు మార్చడం షాపులో పని. అసలు సంపాదన మాత్రం కృష్ణ ఒడ్డున. రెంటచింతల దాటి వెళ్తే ఏటి గట్టు పొడుగునా రైతులు మోటార్లు బిగించి మిరప చేలకు నీళ్ళు తోడుకుంటారు. ఏట్లో మునిగి ఉండే పైపు చివర ఫుట్‌వాల్వు ఉంటుంది. దానికి నాచు, తెగిన వల ముక్కలు చుట్టుకున్నాయంటే మోటారు తిరుగుతుంది గానీ నీళ్ళు రావు. అప్పుడు ఎవరో ఒకరు అడుక్కి మునిగి ఆ చెత్త లాగెయ్యాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మా ఆయనే. ఏటి ఒడ్డున పుట్టినవాడు, నడక కంటే ముందు ఈత నేర్చినవాడు.

ఆ పనికి ఈ గట్టు మీద ఒక పద్ధతి ఉంది. మనిషి నీళ్ళలోకి దిగే ముందు ఆ మోటారు డబ్బాలోంచి ఫ్యూజులు మూడూ పీకుతారు. పీకి అక్కడే పెట్టరు. దిగేవాడి తాలూకు మనిషి ఒళ్ళో పెడతారు. పెళ్ళామో, తల్లో, తోడబుట్టినవాడో. దిగినవాడు పైకొచ్చి, ఒళ్ళు తుడుచుకుని, తన చేత్తో తాను తీసుకునేదాకా వాటిని ఇంకెవరికీ ఇవ్వకూడదు. మోటారు ఆసామి వచ్చి అడిగినా సరే. ఎవడు పోతే ఎవరి కడుపు కాలుతుందో వాళ్ళ దగ్గరే ఉండాలన్న ఆలోచన మొదట ఎవరికొచ్చిందో గానీ, వాళ్ళకి సలాం చెయ్యాలి. అందుకే ముర్తుజా ఏటికి బయల్దేరితే బండి వెనక నేను ఉండాల్సిందే. ఎండలో ఆడమనిషి దేనికని ఎవరైనా జాలిపడితే, “నా మొగుణ్ణి నేను కాక మీ ఆవిడ కాస్తదా?” అని అడుగుతాను.

మా ఇంట్లో తెగని గొడవ ఒకటుంది. నీటికుక్క గొప్పదా, కౌజు పిట్ట గొప్పదా అని. నీటికుక్క ఆయన పార్టీ, కౌజు నా పార్టీ. మా అమ్మాయి షబ్నం ఏడో తరగతి. ఎవరు బాగా వాదిస్తే వాళ్ళకి ఓటు వేస్తుంది, రేపు పొద్దున మాట మారుస్తుంది. ఈ ఊళ్ళో పెరిగిన పిల్ల మరి.

ఏట్లో నీటికుక్కలున్నాయి. పిల్లి కంటే పొడుగు, కుక్క కంటే పొట్టి, నూనె రాసినట్టు నున్నటి ఒళ్ళు, బల్లపరుపు తోక. గుంపుగా తిరుగుతాయి. చేపని రెండు చేతులతో పట్టుకుని తల వైపు నుంచి కరకరా నముల్తాయి. ఆ తినడం చూస్తే మా ఆయనకి ముచ్చట. “దానికి భయమెయ్యనీ, ఇట్టా నీళ్ళలోకి జారిపోద్ది. ఇంగ దాన్ని పట్టుకునే మొగోడు లేడు. నీళ్ళే దానికి కోట” అంటాడు. “మీ కౌజుకి ఏముందే? భయమేస్తే నేలకి కరుచుకుని కూర్చుంటది. రెక్కలుండీ ఎగరదు. నీలాగే.”

ఆయన నన్ను కౌజు అనేది ఊరికే కాదు. నాకు భయమేస్తే కాళ్ళూ చేతులూ ఆడవు. పాము కనబడితే అందరూ అరుస్తూ పరిగెడతారు, నేను మాత్రం నిలబడిపోతాను. పెళ్ళైన కొత్తల్లో వంటింట్లో స్టవ్వు భగ్గుమంటే చూస్తూ కూర్చున్నానని మా అత్త ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

నా జవాబు నాకుంది. మా అబ్బా, అదే మా నాన్న, పత్తి చేలకు కాపలా ఉండేవాడు. చేలో కౌజు గుడ్లు పెడితే ఆ చుట్టూ జానెడు నేల దున్నకుండా వదిలేయించేవాడు. తెల్లవారి దాని కూత వినిపిస్తే ‘సుభాన్ తేరీ కుద్రత్’, దేవుడా నీ మహిమే మహిమ, అంటోందని మురిసిపోయేవాడు. ఒకసారి నన్ను పక్కన కూర్చోబెట్టి చూపించాడు. మట్టి రంగు పిట్ట మట్టిలో కూర్చుని ఉంది. పక్కనే నాగలి పోతోంది. కదల్లేదు. దాని కంటి పక్క చర్మం ఒక్కటే టకటక కొట్టుకుంటోంది. ఎద్దు కాలు దాని మీద పడబోయే ముందు ఫర్రుమని లేచింది చూడండి, ఎద్దు బెదిరి కాడి తప్పించుకుంది. గుడ్లకేమీ కాలేదు. “అది భయపడక కూర్చోలేదు బిడ్డా. భయపడతానే కూర్చుంది” అన్నాడు అబ్బా. ఆ మాటే నేను ముర్తుజాకి వినిపిస్తే, “ఎద్దుకి కళ్ళు కనబడకపోయుంటేనో?” అని నవ్వుతాడు. ఆయన నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

కోటప్పకొండ తిరునాళ్ళ అయిపోయింది. రంజాన్ నెల ఉపవాసాలు, రోజాలు, మొదలైన కొత్త. కోటేశ్వరరావు గారు పొద్దున్నే ఫోన్ చేశారు. మిరప రెండో కోతకి ముందు తడి ఇవ్వాలి, మోటారు నీళ్ళు లాగడం లేదు, కాయ ముడుచుకుపోతోంది, వెంటనే రమ్మని. ఆయన మాకు చుట్టం కాకపోయినా బాబాయ్ అనే పిలుస్తాం. మాట కరుకు, మనిషి మంచివాడు. ముర్తుజా తెల్లవారుజామున సహరీ తిని రోజా ఉన్నాడు. “రోజాతో ఏట్లో మునుగుతావా? గుక్కెడు నీళ్ళు లోపలికి పోతే ఏం చేస్తావు?” అన్నాను. “నీటికుక్క నీళ్ళు తాగిద్దా ఏందే? ఆడుకుంటది గానీ” అన్నాడు.

మేం వెళ్ళేసరికి ఎండ చురుక్కుమంటోంది. రెంటచింతల ఎండ సంగతి చెప్పక్కర్లేదు, మాఘమాసం దాటగానే నెత్తి మాడుతుంది. కోటేశ్వరరావు బాబాయ్ మోటారు గట్టు మీదే ఉంది. ఫ్యూజులు పీకి ముర్తుజా చేతికిచ్చారు. ముర్తుజా నాకిచ్చాడు. తెల్లటి పింగాణీవి, మూడు. కొంగులో మూటకట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.

అప్పుడు చూశాను, ఏట్లో రెండు నీలం డ్రమ్ములు తేలుతున్నాయి. పోయినసారి లేవు.

“ఆ డ్రమ్ములేంది బాబాయ్?” అన్నాను.

“పుల్లయ్యవి. ఈ పంటకి కొత్తగా దించాడు. నీళ్ళలోనే మునిగి ఉంటది మోటారు, ఆ డ్రమ్ములకి వేలాడదీశాడు. చప్పుడుండదు, చెయ్యి పెట్టే పని ఉండదు. కరెంటొస్తే అదే ఆన్ అయిద్ది, ఆటో స్టార్టర్.”

“మరి దాని ఫ్యూజులు పీకరా?”

“ఆయన డబ్బాకి తాళం వేసుకుపోయాడమ్మా, రాగి తీగ కోసం దొంగలు తిరుగుతున్నారని. అయినా మనది మనం పీకాం గదా. పైగా కరెంటే లేదు, నాలుగింటి దాకా త్రీఫేజు రాదు.”

మనది మనం పీకాం గదా. ఆ గట్టు మీద అందరూ అనే మాటే అది. ఎవరు దిగినా ఆ ఒక్క మోటారు ఫ్యూజులే పీకుతారు. పక్క మోటారు జోలికి పోతే పక్కవాడి పంటలో చెయ్యి పెట్టినట్టు. మొత్తం ఆపాలంటే గట్టు పైన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర హ్యాండిల్ దించాలి. అది దించితే అందరి మోటార్లూ పడుకుంటాయి, ఇంటికొచ్చి తిడతారు. నేను కూడా ఆ రోజు ఇంకో మాట మాట్లాడలేదు. మనసులో మాత్రం ఏదో చెడ్డగా తోచింది. ఆయన దిగిన ప్రతిసారీ అలాగే తోస్తుంది కాబట్టి పట్టించుకోలేదు.

ముర్తుజా నడుముకి నైలాన్ తాడు కట్టుకున్నాడు. రెండో కొస కోటేశ్వరరావు బాబాయ్ చేతిలో. బిస్మిల్లా అని దిగాడు.

మొదటిసారి మునిగి నాచు గుప్పెడు పట్టుకొచ్చి నా వైపు విసిరాడు. రెండోసారి చిరిగిన వల. ఊపిరి తీసుకునేందుకు పైపు పట్టుకుని తేలినప్పుడు అవతల బండ వైపు చెయ్యి చూపించాడు. “మావాళ్ళొచ్చారే, చూడు.” నీటికుక్కలు. పెద్దవి నాలుగైదు, వెంట పిల్లలు. ఒక తల్లి పిల్లకి ఈత నేర్పుతోంది కాబోలు, ముక్కుతో నీళ్ళలోకి తోస్తోంది. పిల్ల కీచుమంటూ తిరిగి బండెక్కుతోంది. “దానిక్కూడా భయమే” అన్నాను. “పిల్లది గదా. పెద్దదైతే దానికి నీళ్ళలోనే ధైర్యం” అని మళ్ళీ మునిగాడు.

నేను ఊపిరి బిగబట్టాను. వెనక సర్కారు తుమ్మ కంపలో ఎక్కడో కౌజు కూస్తోంది. ఎండకి ఏరు తళతళలాడుతోంది. బాబాయ్ తాడు వదులు చేస్తూ ఫోన్ చూసుకుంటున్నాడు. “పొద్దున పోయిన గంట కరెంటు ఇప్పుడిస్తారంట, గ్రూపులో పెట్టారు” అన్నాడు తాపీగా, తన ఫ్యూజులు నా ఒళ్ళో ఉన్నాయన్న భరోసాతో. ఆ మాట నా చెవిలో పడింది గానీ బుర్రలోకి దిగలేదు.

ఉన్నట్టుండి నీటికుక్కలు ఈల వేసినట్టు అరిచాయి. బండ దగ్గర నీళ్ళలో ఉన్నవన్నీ తలలెత్తాయి. అయితే అవి నీళ్ళలోకి మునగలేదు. నీళ్ళు చీల్చుకుంటూ గట్టు వైపు, నేను కూర్చున్న వైపే, పిచ్చెక్కినట్టు ఈదుకుంటూ వచ్చాయి. నాకు బారెడు దూరంలో ఒడ్డెక్కాయి. మనిషిని చూస్తే ఆమడ దూరం పోయే జంతువులు, నన్ను లెక్కచెయ్యలేదు. తల్లి నోట్లో పిల్ల వేలాడుతోంది. దాని కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

నీటికుక్కకి భయమేస్తే ఏం చేస్తుంది? నీళ్ళలోకి జారిపోతుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్న మాట. నీళ్ళే దానికి కోట. మరి ఇవి నీళ్ళు వదిలి నేల మీదికి, మనిషి కాళ్ళ దగ్గరికి ఎందుకొచ్చాయి? నేలంటేనే భయపడేవి. నా కంటే, నేల కంటే భయంకరమైందేదో నీళ్ళలో ఉందన్నమాట.

నా మొగుడు నీళ్ళలో ఉన్నాడు.

కదల్లేకపోయాను. ఎప్పటిలాగే కాళ్ళూ చేతులూ పడిపోయాయి. ఒళ్ళో ఫ్యూజుల్ని రెండు చేతులతో నొక్కిపట్టుకున్నాను. ఇవి నా దగ్గరున్నాయి, ఆయనకేం కాదు, ఇవి నా దగ్గరున్నాయి అని లోపల ఒకటే మాట తిరుగుతోంది. కళ్ళు మాత్రం కదిలాయి. నీలం డ్రమ్ముల దగ్గర్నుంచి గట్టు మీదుగా పోయే పుల్లయ్య నల్ల పైపు అంతవరకూ చప్పబడి పడి ఉంది. అది మెల్లగా ఉబ్బి బిర్రుగా లేచింది. జాయింటు దగ్గర సన్నగా నీళ్ళు చిమ్మాయి. చప్పుడు లేదు. ఆ మోటారుకి చప్పుడుండదు.

బాబాయ్ చేతిలో తాడు ఒక్కసారి గుంజుకుంది, తర్వాత సడలింది. “నాచులో చిక్కుకున్నట్టున్నాడు” అంటూ ఆయన చెప్పులు వదిలి ఒక కాలు నీళ్ళలో పెట్టాడు. పెట్టినవాడు కెవ్వుమని వెనక్కి పడ్డాడు.

నీటికుక్కలు సర్కారు కంపలోకి దూరాయి. అందులోంచి కౌజు ఫర్రుమని లేచింది. దాని రెక్కల చప్పుడు నా చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఎట్లా లేచానో తెలియదు, నేనూ లేచాను.

“నీళ్ళలోకి దిగమాక బాబాయ్! తాడు వదలమాక! ఏట్లో కరెంటుంది!” అని అరిచి, ఏటికి వీపు పెట్టి గట్టు పైకి పరిగెత్తాను.

ఆయన అడుగున ఉన్నాడు, నేను ఆయన్నుంచి దూరంగా పోతున్నాను. తిరిగిరా, తాడు పట్టుకుని లాగు అని ఒళ్ళంతా మొత్తుకుంటోంది. లాగినా లాభం లేదు. ఆ నీళ్ళలో ఉన్నంతసేపూ ఆయన చెయ్యి ఆడదు, కాలు ఆడదు. కరెంటు చంపాలి. ముందు కరెంటు చంపాలి. చీర కాళ్ళకి అడ్డం పడింది. చెప్పు తెగింది. గులకరాళ్ళు కాలుతున్నాయి. యా అల్లా, యా అల్లా అని తప్ప నోట ఇంకో మాట రాలేదు.

ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కన ఇనప కడ్డీ హ్యాండిల్. దాన్ని నేనెన్నడూ ముట్టుకోలేదు. మా ఆయన దించుతుంటేనే దూరంగా నిలబడి చెవులు మూసుకునేదాన్ని. నీళ్ళంటే నాకు భయం, కరెంటంటే నీళ్ళ కంటే భయం. మోటారు మెకానిక్ పెళ్ళాన్నై ఉండి షాపులో బల్బు కూడా మార్చను. కొంగు చేతులకి చుట్టుకున్నాను. ఫ్యూజుల మూట మోచేతికి కొట్టుకుంది. కళ్ళు మూసుకుని ఆ కడ్డీకి వేలాడాను.

తుప్పు పట్టి ఉంది, కదల్లేదు. కాళ్ళు నేల నుంచి ఎత్తేసి నా బరువంతా వేశాను. పైన టప్పుమని పేలింది. మూసుకున్న రెప్పల్లోంచి కూడా నీలం మెరుపు కనబడింది. నేను చచ్చిపోయాననే అనుకున్నాను. కళ్ళు తెరిస్తే హ్యాండిల్ కిందికి ఉంది, నేను దాన్ని పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాను.

“లాగు బాబాయ్! ఇప్పుడు లాగు!” అని అరిచాను.

జవాబు లేదు. పరిగెత్తి పోదామని చెయ్యి వదిలితే హ్యాండిల్ పైకి లేవబోయింది. దాన్ని ఆపే కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది. మగవాళ్ళైతే తీగతో కట్టేస్తారు. నా దగ్గర తీగ లేదు. మళ్ళీ పట్టుకుని దాని మీద పడుకున్నట్టు వంగాను. గట్టు అడ్డంగా ఉంది. ఏరు కనబడుతోంది గానీ ఒడ్డు కనబడటం లేదు. నీలం డ్రమ్ములు కనబడుతున్నాయి, వాటి పక్కన నా మొగుడు లేడు. ఒడ్డుకి చేరాడో, అడుగునే ఉన్నాడో తెలియదు. “బాబాయ్! ఏమైంది బాబాయ్!” ఎన్నిసార్లు పిలిచినా పలకడే.

పుల్లయ్య గారు బండేసుకొచ్చారు. చేలో నీళ్ళు ఆగిపోయాయని కోపంతో ఊగిపోతున్నారు. “ఎవరే హ్యాండిల్ దించింది? గంట కరెంటు, అదీ ఉంచరా? లే అవతలికి!” అని చెయ్యి ముందుకు చాపారు.

“చెయ్యేస్తే కొరుకుతా” అన్నాను. నిజంగానే కొరికేదాన్ని. “నా మొగుడు ఏట్లో ఉన్నాడు. నీ మోటారు కరెంటు నీళ్ళలో పారింది.”

ఆయన మొహంలో నెత్తురు లేదు. “టేపు వేశానే... వైరు జాయింటుకి టేపు వేశానమ్మా, రెండు చుట్లు...” అని గొణిగారు. కాసేపటికి తేరుకుని, “నువ్వు పో తల్లీ, మీ ఆయన్ని చూసుకో పో. ఇది నేను పట్టుకుంటా” అన్నారు.

కాళ్ళు అప్పటికే అటు తిరిగాయి. అయినా వదల్లేదు. ఫ్యూజులు ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. ఇదీ అంతే. ఆయన చెడ్డవాడని కాదు. ఆయనకి పోయేదేమీ లేదు, కాలేది నా కడుపు.

“పట్టుకోవద్దు. తాళం తీసి నీ ఫ్యూజులు పీక్కొచ్చి నా ఒళ్ళో వెయ్యి. అప్పుడు వదుల్తా.”

“అక్కడ మనిషి పోతుంటే ఈడ కూర్చుంటావా!”

“కూర్చుంటా. పో!”

ఆ పెద్దమనిషి పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు. నేను హ్యాండిల్ మీద అలాగే ఉన్నాను. కణతలు టకటక కొట్టుకుంటున్నాయి. ఏడుపు రాలేదు. అల్లా, పిల్లకి ఏం చెప్పను, స్కూలు బస్సు దిగి అబ్బా ఏడని అడిగితే ఏం చెప్పను అనుకున్నాను. నా జన్మలో అంత భయం ముందెరగను, తర్వాతా ఎరగను. ఇంత భయపడుతూ ఒక మనిషి కదలకుండా ఉండగలదని మాత్రం అప్పుడే తెలిసింది. మా అబ్బా చెప్పింది ఇదే కాబోలు.

పుల్లయ్య గారు రొప్పుతూ వచ్చి ఫ్యూజులు నా కొంగులో పోశారు. వదులుదామంటే వేళ్ళు రావడం లేదు. ఆయనే ఒక్కొక్క వేలూ విప్పారు.

గట్టు దిగి చూస్తే ముర్తుజా ఇసకలో పక్కకి తిరిగి పడున్నాడు. పెదాలు నల్లగా ఉన్నాయి. కోటేశ్వరరావు బాబాయ్ ఏడుస్తూ ఆయన వీపు మీద గుద్దుతున్నాడు. ఏడుపుతో గొంతు పూడుకుపోయి పలకలేకపోయాడట. నేను పక్కన కూలబడ్డాను. ముట్టుకోవడానికి కూడా ధైర్యం చాల్లేదు. ముట్టుకుంటే చల్లగా ఉంటాడేమోనని.

ఏరంతా కక్కినట్టు కక్కాడు. దగ్గాడు. మళ్ళీ కక్కాడు. కళ్ళు తెరిచి నన్ను చూసి, ఏదో అన్నాడు. చెవి దగ్గర పెట్టాను.

“రోజా పోయిందే” అన్నాడు.

అప్పుడు ఏడిచాను. తిట్టుకుంటూ ఏడిచాను. పక్కన పుల్లయ్య గారు కూడా తల పట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఆయనే కారు మాట్లాడి గురజాల ఆసుపత్రికి తీసుకుపోయారు.

మనిషి బతికాడు. కానీ ఏట్లోంచి వచ్చింది పాత ముర్తుజా కాదు. రంజాన్ పండగ నాడు కూడా బకెట్టు నీళ్ళలో చెంబు ముంచే ముందు ఒకసారి వేలు పెట్టి చూసుకున్నాడు. ఏటి రైతులు ఫోన్ చేస్తే షాపులో పనుందని చెప్పేవాడు. వంటింట్లో నీళ్ళ చప్పుడు గట్టిగా వినబడితే నిలబడిపోయేవాడు, అచ్చం నాలాగే. ఎవరైనా భయపడితే నవ్వే మనిషి నవ్వడం మానేశాడు. అది చూడలేక, తనని నేను కౌజు అని ఒక్కసారి కూడా ఎగతాళి చెయ్యలేదు. నా నోటికి అది చానా గొప్ప సంగతి.

షబ్నం ఊరుకుంటుందా? ఒకరోజు అన్నం దగ్గర పాత గొడవ తెచ్చింది. “ఇంతకీ ఏది గొప్పదో తేలిందా లేదా?” ముర్తుజా కలిపిన ముద్ద కంచంలోనే పెట్టాడు. “నీటికుక్క నీళ్ళని నమ్ముకుంది, కౌజు నేలని నమ్ముకుంది” అన్నాడు. “నమ్ముకున్న చోటే భయం పుడితే పాపం అది మాత్రం యాడికి పోద్ది?” పిల్ల ఓటు ఎవరికీ వెయ్యకుండా లేచి చెయ్యి కడుక్కుంది.

ఎండలు ముదిరాక పుల్లయ్య గారే షాపుకొచ్చారు. కోటేశ్వరరావు బాబాయ్ మోటారు మళ్ళీ నీళ్ళు లాగడం లేదట. అడగడానికి మొహం చెల్లక గడప బయటే నిలబడ్డారు. నేను వద్దనబోయాను. ముర్తుజా చేతులు తుడుచుకుని, “పోదాం పదవే” అన్నాడు.

గట్టు మీద అప్పటికే ఐదారుగురు రైతులున్నారు. నేను కూర్చోగానే ఒక్కొక్కరూ వచ్చి తమ తమ మోటార్ల ఫ్యూజులు నా ఒళ్ళో పెట్టి వెళ్ళారు. పుల్లయ్య గారు అందరికంటే ముందు పెట్టారు. హ్యాండిల్ దించి, కొత్త కొక్కెం వేసి, తాళం బిగించి, ఆ తాళంచెవి కూడా తెచ్చి వాటి పైన పడేశారు. ఎవరి చేలో నీళ్ళు ఆగాయని ఎవరూ అడగలేదు. ఒళ్ళు నిండిపోయింది. తెల్లటి పింగాణీ ఫ్యూజులు, ఎండకి వెచ్చగా, పొదిగే గుడ్లలాగా.

ముర్తుజా నడుముకి తాడు కట్టుకుని నీళ్ళ అంచున నిలబడ్డాడు. వంగి నీళ్ళలో ముందు వేలు పెట్టి చూసుకున్నాడు. అవతల బండ దగ్గర నీటికుక్కలు ఆడుకుంటున్నాయి. ఆ పిల్ల ఉందో లేదో పోల్చుకోలేకపోయాను. ఆయన వాటినే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. అవి మునిగాయి, తేలాయి, మళ్ళీ మునిగాయి.

వెనక్కి తిరిగి, “అన్నీ ఉన్నాయా?” అన్నాడు.

కొంగు తీసి చూపించాను.

“నువ్వు లేవవు గదా?”

ఆయన నన్ను అలా అడగడం అదే మొదటిసారి. “లేవను” అన్నాను.

బిస్మిల్లా అని మునిగాడు. నీళ్ళు మూసుకున్నాయి. రెండు చేతులూ ఫ్యూజుల మీద కప్పుకుని, ఊపిరి బిగబట్టి, ఆయన తల లేచే చోటు వైపు చూస్తూ కూర్చున్నాను.